సుమారు తీసేసిన నూట యాభై

డాక్టర్ హేమనళిని ఆరేళ్లు కూర్చుని రాసిన పరిశోధనా పత్రంలో పదకొండు వేల మాటలున్నాయి. ఆఫీసు చేతుల్లో పడ్డాక అందులోంచి ఒక్క మాట పోయింది. ఆ ఒక్క మాట పోవడం వల్ల ఒక పెద్ద సంస్థలో ఏమేం జరిగాయో, ఆవిడకు ఏ గతి పట్టిందో చెప్పుకోదగ్గ సంగతే.

ఆవిడ తీరప్రాంత మూత్రపిండ, క్యాన్సర్ పరిశోధనా సంస్థలో పాథాలజీ ప్రొఫెసరు. వయసు నలభై ఎనిమిది. ఒంటరి మనిషి. ఉదయం తొమ్మిదికి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి గానీ లేచేది కాదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ‘ఊఁ’ అనేది. ఆ ‘ఊఁ’ అవుననో కాదనో ముప్పై ఏళ్ల సర్వీసున్న ల్యాబ్ టెక్నీషియన్ గవరయ్యకు కూడా తెలిసేది కాదు.

ఆవిడ కనిపెట్టినది చిన్నదేం కాదు. మూత్రపిండంలో సన్నటి గొట్టాలుంటాయి. వాటి గోడల్లో కణాలు దెబ్బతింటే టి-7 అనే ప్రోటీను మూత్రంలోకి కారుతుంది. మామూలు రక్త పరీక్షలో జబ్బు బయటపడటానికి రెండు రోజుల ముందే ఇది కనిపిస్తుంది. ఆ రెండు రోజుల్లో వైద్యం మొదలైతే చాలామంది డయాలిసిస్ దాకా వెళ్లకుండా బయటపడతారు. నాలుగు వందల పన్నెండు మందిని పరీక్షించి, పత్రం చివర ఆవిడ ఇలా రాసింది: “టి-7 విలువ సుమారు 150 దాటినవారిలో మూత్రపిండానికి గాయం ఉండే అవకాశం ఎక్కువ. రోగిని చూసి, మిగతా పరీక్షలతో కలిపి నిర్ణయించుకోవాలి.”

సంస్థ డైరెక్టరు డాక్టర్ త్రివిక్రమరావు పరిశోధనా పత్రాలను అంకెల వరకే చదువుతారు. 150 కనబడగానే హేమనళినిని పిలిపించారు.

“అమ్మా, ముప్పై ఏళ్లుగా మన సంస్థకు సొంత అంకె అంటూ లేదు. ఢిల్లీలో మీటింగుకు వెళ్తే గుండెవాళ్లు తమ అంకె చెప్తారు, కాలేయంవాళ్లు తమ అంకె చెప్తారు. నేను బిస్కెట్లు తిని వచ్చేస్తున్నాను. ఇన్నాళ్లకు నాకూ ఒక అంకె ఇచ్చావు.”

“అంకె అని కాదు సార్, సుమారుగా ఒక—”

“నూట యాభై! ఎంత నిండుగా ఉందమ్మా! నూట నలభై ఆరు అని వచ్చి ఉంటే ఎవరు పట్టించుకునేవారు చెప్పు?”

వారం తిరిగేసరికి సర్క్యులర్ వచ్చింది. రాసినది అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు దక్షిణామూర్తి. “ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయడమేమనగా, టి-7 విలువ 150.00 మరియు ఆపైన యున్న వ్యక్తికి అవయవ గాయము కలదనియు, 149.99 మరియు అంతకు లోబడి యున్న వ్యక్తికి గాయము లేదనియు భావించవలెను. గాయము కలవారిని అరగంటలో చేర్చుకొనవలెను. గాయము లేనివారిని చేర్చుకొనరాదు. ఈ విషయమై వైద్యుని అభిప్రాయము గాని, రోగి అభిప్రాయము గాని పరిగణింపబడదు.”

హేమనళిని ఆ కాగితం పట్టుకుని మైక్రోస్కోపు ముందు నుంచి పదకొండింటికే లేచింది. గవరయ్య ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాడు.

“నా ‘సుమారు’ ఏదండీ?” అని అడిగింది దక్షిణామూర్తిని.

“ఉత్తర్వులో ‘సుమారు’ ఉండకూడదమ్మా. ‘సుమారు పది గంటలకు విధులకు హాజరు కావలెను’ అని రాస్తే ఎవరైనా పదింటికి వస్తారా?”

“ఇప్పుడు ‘పది గంటలకు’ అనేగా రాశారు. మీరు ఎన్నింటికి వచ్చారు?”

దక్షిణామూర్తి గోడ గడియారం వైపు చూడలేదు. “అది అమలుకు సంబంధించింది. ఇది డ్రాఫ్టింగుకు సంబంధించింది,” అన్నాడు.

“పోనీ, ‘అవకాశం ఎక్కువ’ అన్నది?”

“అవకాశాలు ఇచ్చే అధికారం మనకు లేదమ్మా. అవి సెక్రటేరియట్ స్థాయిలో ఇవ్వాలి.”

“నేను మూత్రపిండానికి గాయం అన్నాను. మీరు అవయవ గాయం అని రాశారు.”

“మూత్రపిండం అవయవం కాదా?”

“అవయవమే, కానీ—”

“మరింకేం!” అని ఆయన ఫైలు కట్టేశాడు.

నాలుగో రోజున సంస్థ ఎలక్ట్రీషియన్ ముసలినాయుడు నిచ్చెన మీద నుంచి పడ్డాడు. ఎక్స్‌రేలో కాలి ఎముక రెండు ముక్కలుగా ఉంది. టి-7 మాత్రం 22 వచ్చింది. ఎముకల డాక్టరు ఆ రెండు ముక్కలనూ వేలితో చూపించాడు. దక్షిణామూర్తి ఎక్స్‌రే మీద ‘అభిప్రాయము’ అని రాసి ఫైల్లో పెట్టి, సెలవు నిరాకరించాడు. కట్టు వేయడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. లేని గాయానికి కట్టు వేయకూడదని ఎక్కడా రాసి లేదు గనక.

ఆ మర్నాడే సిబ్బందందరికీ జరుపుతున్న టి-7 పరీక్షల్లో వంటమనిషి సింహాచలానికి 171 వచ్చింది. పొద్దుటి నుంచి పొయ్యి ముందు చెమటలు కక్కుతూ నీళ్లు తాగడం మరిచిపోయిన మనిషి. నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడితే అంకె పెరుగుతుంది. ఇదంతా పత్రం నలభై రెండో పేజీలో హేమనళిని రాసే ఉంది. కానీ సర్క్యులర్‌కు నలభై రెండో పేజీ లేదు. సింహాచలాన్ని చక్రాల కుర్చీలో తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టారు. మూడు రోజులు తన చేతివి కాని వంటలు తిని, అప్పుడు నిజంగానే నీరసపడ్డాడు.

రోగాలు ఉన్నవాళ్లు చాలామంది నూట ముప్పై, నూట నలభై దగ్గర ఆగిపోయి ఇళ్లకు వెళ్తున్నారు. రోగం లేనివాళ్లు నూట యాభై దాటి మంచాల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. డిశ్చార్జి అయినవాళ్లంతా పూర్తి ఆరోగ్యంతో వెళ్తున్నారని డైరెక్టరుగారు పత్రికలవాళ్లకు చెప్పారు. అందులో అబద్ధం ఏమీ లేదు.

“మేడంగోరూ, గేటు కాడ సూసారేటి?” అన్నాడు గవరయ్య ఓ రోజు.

చూడలేదని ఆవిడ వెళ్లి చూసింది. గేటుకు ఎడమ పక్క ఒక బండి. దాని మీద ‘ఇచ్చట టి-7 పెంచబడును’ అని అట్టముక్క. అక్కడ ఉప్పు చేప వేపుడు, ఊరమిరపకాయలు అమ్ముతున్నారు. మంచినీళ్లు అడిగితే ఇవ్వరు. కుడి పక్క ఇంకో బండి: ‘తగ్గించబడును’. అక్కడ మజ్జిగ, కొబ్బరిబొండాలు. ఆస్పత్రిలో చేరవలసిన రోగులు ఎడమ పక్క, ఉద్యోగానికి ఆరోగ్య పత్రం కావలసిన కుర్రాళ్లు కుడి పక్క. బళ్లు రెండూ ఒక్కరివే.

“ఇలా ఎండబెట్టుకుంటే కిడ్నీ పాడవుతుంది గవరయ్యా!” అంది ఆవిడ.

“అదేనండి మరి. లోపలికి రావాలంటే కూసింత పాడవ్వాల గదా,” అన్నాడు గవరయ్య.

హేమనళినికి ఆ పూట భోజనం సయించలేదు. ఆరేళ్ల పాటు గాయాన్ని ముందే పట్టుకోవడానికి కష్టపడింది. ఇప్పుడు తన అంకె గేటు దగ్గర నిలబడి జనాన్ని గాయపరుస్తోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దమయంతి వచ్చింది.

దమయంతి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. యాభై ఏళ్లుంటాయి. రోజంతా గొంతుక్కూర్చుని పనిచేయడంతో మోకాళ్ల నొప్పులు. నొప్పులకు మందుల షాపువాడిచ్చిన బిళ్లలు, రోజుకు మూడు చొప్పున ఆరు నెలల నుంచి. వారం రోజులుగా కాళ్లు వాచాయి, అన్నం చూస్తే వికారం. ఆవిడంతట ఆవిడ వచ్చేది కాదు. భర్త తవుడు బలవంతాన ఆటో ఎక్కించి తెచ్చాడు. టి-7 పరీక్ష చేశారు. 149.20 వచ్చింది. కంప్యూటరు ‘గాయము లేదు’ అన్న కాగితాన్ని బయటకు నెట్టింది.

గవరయ్య అలవాటు కొద్దీ అదే మూత్రం సీసాలోంచి ఒక చుక్క స్లైడు మీద వేసి మేడం ముందు పెట్టాడు. హేమనళిని మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. మట్టిరంగు ముద్దలు, గొట్టాల అచ్చుల్లా, వరసగా. చచ్చిపోయిన కణాలు ఊడివచ్చి పేరుకుంటే అలా కనిపిస్తాయి. వైద్య విద్యార్థికి మూడో ఏడు చూపించే దృశ్యం.

“ఎవరిదిది?”

“బయట బెంచీ మీద కూకున్నాదండి. నూట నలభై తొమ్మిదీ పాయింటు రెండు. ఎల్లిపోమన్నారు.”

హేమనళిని బయటకు వచ్చింది. తవుడు ఆవిడ తెల్లకోటు చూసి లేచి నిలబడ్డాడు.

“అమ్మగోరూ, ఒక్కటి కలపండమ్మా. ఒక్కటే గదా తక్కువైంది. ఒక్కటి కూడా కాదు, ముప్పాతిక.”

“అలా కలపకూడదయ్యా.”

“కూరగాయలు కొంటేనే నాలుగు మిరపకాయలు కొసరేస్తారు. పానం కాడ ముప్పాతిక ఎయ్యరేటి?”

ఆవిడ జన్మలో ఒక అంకె మార్చి ఎరగదు. దమయంతి వైపు తిరిగింది. “అమ్మా, నీ కిడ్నీలకు దెబ్బ తగిలింది. ఆ నొప్పి బిళ్లలు ఇక ముట్టుకోకూడదు. వెంటనే వైద్యం కావాలి.”

దమయంతి చేతిలోని కాగితం చూపించింది. “నాకేటి నేదమ్మా. ఇదిగో, అచ్చుగుద్ది ఇచ్చినారు. ‘గాయము లేదు’ అని గవరయ్యబాబు సదివి సెప్పినాడు.”

“కాగితం తప్పు. నేను చెప్తున్నాను కదా.”

“అంత పెద్ద మిసను అబద్దం ఆడతాదేటి? మీరు అలిసిపోయినట్టున్నారు, కూకోండి,” అని బెంచీ మీద జరిగి చోటు ఇచ్చింది.

హేమనళిని కూర్చోలేదు. తిన్నగా దక్షిణామూర్తి గదికి వెళ్లింది. తన ‘సుమారు’ తనకు తిరిగి ఇప్పించమని అక్కడే నిలబడి అర్జీ రాసింది.

అర్జీని ఆయన రెండుసార్లు చదివాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన ముఖంలో నిజంగానే సానుభూతి కనిపించింది. “చేర్చవచ్చమ్మా. అసాధ్యమేం కాదు. కాకపోతే ‘సుమారు’ అంటే ఎంతో రెండు దశాంశ స్థానాల వరకు కచ్చితంగా తెలియజేయాలి.”

“కచ్చితంగా తెలిస్తే సుమారు ఎందుకండీ?”

“ఆ సంగతి కూడా రాసివ్వండి. కమిటీలో పెడతాం.”

“కమిటీ ఎప్పుడు?”

“కోరం ఉన్నప్పుడు.”

“ఈలోపు బయట బెంచీ మీద ఒక మనిషి కిడ్నీలు పోతున్నాయండీ! స్లైడులో నా కళ్లతో చూశాను.”

దక్షిణామూర్తి కలం పట్టుకున్నాడు. “కళ్లతో అన్నారు. మీ కళ్లకు కటాఫ్ ఎంతమ్మా?”

ఆవిడ తిరిగి వచ్చేసరికి తవుడు బెంచీ దగ్గర లేడు. గేటు దగ్గర ఎడమ పక్క బండి నుంచి ఉప్పు చేప పొట్లం పట్టుకుని వస్తున్నాడు. “సాయంత్రం మళ్లీ పరీచ్చ సేయిస్తానమ్మా. అందాకా నీల్లు తాగొద్దన్నారు. తప్పకుండా పాసవుద్దట,” అన్నాడు ఉత్సాహంగా. హేమనళిని ఆ పొట్లం లాక్కుని డస్ట్‌బిన్‌లో పడేసింది. బయట నుంచి వచ్చినవాళ్లకు ఒకసారి చేసిన పరీక్ష మూడు నెలల వరకు చెల్లుతుందని, మళ్లీ చేయరని చెప్పింది. తవుడు డస్ట్‌బిన్ వైపే చూస్తూ నిలబడిపోయాడు. అంతసేపూ నవ్వుతూ బేరమాడిన మనిషి పంచె అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు.

“ముప్పై రెండేల్లయిందమ్మా మాకు మనువై,” అన్నాడు.

ఆవిడ తన గదిలోకి వచ్చి కూర్చుంది. రక్త పరీక్షలో బయటపడటానికి ఇంకా రెండు రోజులు పట్టవచ్చు. బయటపడినా ఈ సర్క్యులర్ ముందు అదీ అభిప్రాయమే. వేరే పెద్దాస్పత్రి నూట పది కిలోమీటర్లు. అంబులెన్సు కావాలంటే గాయం ఉన్నట్టు కాగితం కావాలి. ఇలా ఆలోచిస్తుండగా దక్షిణామూర్తి ఇద్దరు మనుషులతో, చక్రాల కుర్చీతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“క్షమించాలమ్మా. నిన్న సిబ్బంది పరీక్షల్లో మీకు 163.40 వచ్చింది. కాగితం ఇప్పుడే అందింది. అరగంటలో చేర్చుకోవాలి, పదకొండు నిమిషాలు అయిపోయాయి.”

“నాకేం లేదండీ! నిన్న పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా పని చేసుకున్నాను, అంతే. నా ఒంటి సంగతి నాకు తెలియదా? ఈ పరీక్ష కనిపెట్టింది నేను!”

“రోగి అభిప్రాయం పరిగణించబడదమ్మా. కనిపెట్టినవారికి మినహాయింపు ఉందేమోనని చూశాను. లేదు.” ఆయన ఒక ఫారం తీశాడు. “సహాయకుని పేరు చెప్పండి. రోగితో పాటు వార్డులో ఒక సహాయకుడు ఉండాలి. లేకపోతే చేర్చుకోకూడదు. చేర్చుకోకపోతే నేను ఉల్లంఘించినవాణ్ని అవుతాను.”

“నాకెవరూ లేరు.”

“ఎవరో ఒకరు, అమ్మా. దయచేసి. పన్నెండు నిమిషాలు అయ్యాయి.”

హేమనళిని తలుపు సందులోంచి కారిడార్ వైపు చూసింది. బెంచీ మీద దమయంతి వాచిన కాళ్లు చాపుకుని కూర్చుంది. హేమనళిని ఆ క్షణంలో ఏం ఆలోచించిందో గవరయ్యకు తరువాత ఎప్పుడూ చెప్పలేదు. కానీ ముఖం ఒక్కసారిగా తేటపడటం ఆయన చూశాడు.

“రాసుకోండి,” అంది. “సహాయకురాలు, దమయంతి.”

దమయంతి ఒప్పుకోదేమోనని భయపడింది గానీ అలాంటిదేం జరగలేదు. “ఓలమ్మో, నూట అరవై మూడే! నాను ముందే అన్నాను, మొకం పీక్కుపోయిందని. నీకెవలూ నేరేటమ్మా? పద, నానుంటాను,” అని లేచింది. లేవడంతోనే తూలితే హేమనళిని పట్టుకుంది. ఎవరు ఎవరిని తీసుకెళ్తున్నారో తెలియకుండా ఇద్దరూ వార్డుకు చేరారు. చక్రాల కుర్చీ ఖాళీగా వెనక వచ్చింది.

వార్డులో డ్యూటీ డాక్టరు మెహరున్నీసా. చదువు పూర్తిచేసి రెండేళ్లయింది. హేమనళిని దగ్గర చదువుకున్న పిల్లే. మేడం చెప్పినది వింది, గవరయ్య తెచ్చిన స్లైడు చూసింది. పెదవి కొరుక్కుంది.

“సహాయకులకు వైద్యం చేయకూడదని ఎక్కడైనా ఉందా మేడం?”

“సర్క్యులర్ మూడుసార్లు చదివాను. లేదు.”

“అయితే సహాయకురాలికి కాస్త నడుం వాల్చమని చెప్పండి.”

అలా రోగి స్టూలు మీద కూర్చుంది, సహాయకురాలు మంచం ఎక్కింది. దమయంతి చేతికి సెలైన్ పెట్టారు. ఎంత ఎక్కాలో, ఎంత మూత్రం వచ్చిందో మెహరున్నీసా గంట గంటకూ చూసుకుంది. దమయంతి పేరుతో వేరే కాగితాలు రాసి దిండు కింద పెట్టింది. నొప్పి బిళ్లల పొట్లాన్ని తవుడు చేతే బయట పారేయించారు.

“అమ్మా, జబ్బు నీకు. నాకు కాదు,” అని హేమనళిని విడమరిచి మళ్లీ చెప్పింది. మెహరున్నీసా కూడా చెప్పింది.

దమయంతి సెలైన్ ఎక్కుతున్న చేయి కదలకుండా రెండో చేత్తో హేమనళిని చేయి నిమిరింది. “జబ్బు మనిసి అలాగే అంటాది. మా అత్త కూడా నాకేటి నేదు, నాకేటి నేదు అంటానే పోయింది. నువ్వేటి బెంగెట్టుకోకు. నాకు సత్తువ ఉంటేనే గదా నిన్ను సూసుకునేది, ఎక్కించనీ.”

మూడో రోజున దమయంతి రక్తంలో, కిడ్నీలు దెబ్బతింటే పేరుకునే క్రియాటినిన్ పెరిగి కనిపించింది. టి-7 రెండు రోజుల ముందు గొణిగిన మాటను రక్తం ఇప్పుడు పైకి చెప్పింది. అప్పటికే వైద్యం మొదలై రెండు రోజులు కావడంతో నాలుగో రోజుకు అది పెరగడం ఆగింది, అయిదో రోజుకు దిగడం మొదలుపెట్టింది. హేమనళిని రాసిన పత్రంలో ప్రతి అక్షరం ఆ మంచం మీద నిజమవుతోంది.

మధ్యలో ఒక్క చిక్కు వచ్చింది. వార్డులో చేరిన రోగికి మూడో రోజున మళ్లీ పరీక్ష చేయాలి. 150 లోపుకు వస్తే డిశ్చార్జి చేసేయాలి. రోగి వెళ్లిపోతే సహాయకురాలు ఎలా ఉంటుంది? హేమనళిని అంకెను ముట్టుకోలేదు. గవరయ్య చేత మైక్రోస్కోపు వార్డుకు తెప్పించుకుంది. పాత స్లైడులు ముందేసుకుని, ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా, ఎప్పటిలాగే, గుక్కెడు నీళ్లు తాగకుండా పనిచేసుకుంది. 158.10. దక్షిణామూర్తి విచారంగా తల ఊపి, ఇంకో మూడు రోజులు పొడిగించాడు.

అయిదో రోజున డైరెక్టరుగారు రౌండ్లకు వచ్చారు. వెనక దక్షిణామూర్తి. ఆరో నంబరు మంచం దగ్గర ఆగారు.

“రోగి ఎవరు?”

“నేనే సార్,” అంది హేమనళిని స్టూలు మీద నుంచి, మైక్రోస్కోపులోంచి తల ఎత్తి.

“మరి మంచం మీద?”

“నా సహాయకురాలు.”

“సెలైన్ ఆవిడకెందుకు ఎక్కుతోంది?”

మెహరున్నీసా నేలకేసి చూసింది. దక్షిణామూర్తి సర్క్యులర్ తీసి మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. “సహాయకులు మంచముపై శయనించరాదని గాని, సెలైన్ ఎక్కించుకొనరాదని గాని నిబంధన లేదు సార్,” అన్నాడు.

“ఆ అమ్మకి ఒంట్లో బానేదు బాబూ,” అంది దమయంతి డైరెక్టరుతో, హేమనళినిని చూపిస్తూ. “పొద్దస్తమానం ఆ గొట్టంలోకే సూస్తాది. నీల్లు తాగదు. గట్టిగా సెప్పండి.”

“రోగి కోలుకుంటున్నారా?” అని అడిగారు డైరెక్టరుగారు.

“చక్కగా కోలుకుంటున్నారు సార్,” అంది మెహరున్నీసా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె హేమనళిని వైపు చూడలేదు.

ఆరో రోజుకు దమయంతి కాళ్ల వాపు దిగింది. రెండు పూటలా అన్నం తిని, పక్క మంచం ఆవిడతో జీడిపప్పు సైజుల గురించి వాదన పెట్టుకుంది. ఇక చాలని మెహరున్నీసా సైగ చేసింది. హేమనళిని రెండు చెంబుల మంచినీళ్లు తాగి పరీక్షకు వెళ్లింది. 38.

డైరెక్టరుగారు ఈ 38 చూసి గదిలో పచార్లు చేశారు. ఇంతవరకు సంస్థలో ఏ రోగికీ ఇంత వేగంగా అంకె దిగలేదు. ఈ రోగి విషయంలో వేరుగా జరిగింది ఏమిటని ఆయన శాస్త్రీయంగా ఆలోచించారు. ఒక్కటే కనిపించింది. రెండో వారం కొత్త సర్క్యులర్ వచ్చింది: “సహాయకునికి చికిత్స చేసినచో రోగి శీఘ్రముగా కోలుకొనునని అనుభవపూర్వకముగా రుజువైనందున, ఇకమీదట సహాయక సంయుక్త చికిత్సా విధానము తప్పనిసరి. రోగితో పాటు వచ్చు సహాయకుడు పూర్తిగా పరీక్షింపబడి, అవసరమైన సమస్త వైద్యమును పొందవలెను.”

దాంతో అంతా సర్దుకుంది. నూట నలభైలవాళ్లు నూట యాభై దాటిన ఆరోగ్యవంతుణ్ని ఒకణ్ని వెతుక్కుని, వాడికి సహాయకులుగా లోపలికి వచ్చి, శుభ్రంగా వైద్యం చేయించుకుని వెళ్తున్నారు. గేటు దగ్గర ఎడమ పక్క బండివాడు ఉప్పు చేప మానేసి, ఎవరికి ఎవరు సహాయకులో జతలు కుదిర్చే పని పెట్టుకున్నాడు. వంటమనిషి సింహాచలం మూడు నెలల్లో నాలుగుసార్లు రోగి అయ్యాడు. అతని వెంట వచ్చిన నలుగురు బతికి బయటపడ్డారు. అయిదోసారి చేరినప్పుడు వెంట వచ్చిన సహాయకుడు ముసలినాయుడు, రెండు ముక్కల కాలితో. హేమనళిని మాత్రం గెలిచానని అనుకోలేదు. ‘సుమారు’ అర్జీ ఇంకా కోరం కోసం చూస్తూనే ఉంది. ఆవిడ నెలకోసారి వెళ్లి గుర్తు చేస్తూనే ఉంది.

ఈ లోపల డైరెక్టరుగారు క్యాన్సర్ విభాగం గురునాథాన్ని కూడా పిలిచి, కణితిని పట్టిచ్చే మార్కరు మీద ఆయన అంకె ఎంతో చెప్పమన్నారు. ఆయన తన మార్కరు ఒక్కోసారి ఉంటుందని, ఒక్కోసారి ఉండదని చెప్పి, ఆ సాయంత్రమే దీర్ఘకాలిక సెలవు పెట్టాడు.

దమయంతిని మాత్రం నెలకోసారి వచ్చి చూపించుకోమని మెహరున్నీసా ఎంతో చెప్పింది. “నాకేటి జబ్బని?” అని ఆవిడ వినలేదు. ఇంక రాదనే అనుకున్నారు.

వార్డు నుంచి వెళ్లి నెల తిరిగిన మర్నాడు పొద్దున్నే తవుడుతో సహా పాథాలజీ గుమ్మంలో నిలబడింది. చేతిలో జీడిపప్పు పొట్లం. “ఎలాగున్నాదో సూసి పోదామని వచ్చినానమ్మా. మనసు నిలవనేదు,” అంది.

హేమనళిని లేచి ఎదురెళ్లింది. స్లైడు మధ్యలో వదిలి ఆవిడ లేవడం గవరయ్య చూడటం అది రెండోసారి. ఎవరూ చెప్పకుండానే ఆయన ఒక సీసా తెచ్చి దమయంతి చేతికిచ్చాడు. “మేడంగోరిది సరిగున్నాదో నేదో పక్కన ఎట్టి సూడాలమ్మా,” అన్నాడు. దానికి దమయంతి సంతోషంగా ఒప్పుకుంది. కాస్త రక్తం కూడా ఇచ్చింది.

హేమనళిని ఆ సీసాలోంచి ఒక చుక్కను స్లైడు మీద వేసి చాలాసేపు చూసింది. ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ ఈ మూలకు. ఆమె తల ఎత్తేసరికి దమయంతి పక్కనే వంగి ఉంది.

“అదేటో నాకూ సూపించమ్మా.”

ఆవిడ జరిగి చోటు ఇచ్చింది. దమయంతి ఒక కన్ను మూసి, నోరు తెరిచి, కంటిని గొట్టానికి ఆనించింది.

“ఏటీ కనపడదేటి?”

“ఏమీ కనపడకూడదు. కనపడకపోతేనే బాగున్నట్టు.”

“నిజమేనా?”

“నిజం. ఈ మాట నేను ఎన్నిసార్లయినా సంతకం పెట్టి చెప్తాను.”

దమయంతి తల ఎత్తింది. ముఖమంతా నవ్వు. హేమనళిని రెండు బుగ్గలూ నిమిరి, మెటికలు విరిచింది. “సూసినావా మావా,” అంది తవుడితో, “అమ్మగోరికి నయమైపోయింది!”

తవుడు హేమనళిని వైపు చూశాడు. ఆవిడ అవునన్నట్టు తల ఊపింది.